మంగాయమ్మ వంతు, నేదునూరి వారి పాయలు

రెండువేల ఇరవై ఆరు, ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఆ రోజు అన్యాయం జరిగింది దంగేటి మంగాయమ్మకి. కాలువ చిట్టచివర, శివారులో ఆవిడకి ముప్పావు ఎకరం దాళ్వా వరి, అంటే రెండో పంట, ఉంది. చేను పొట్ట మీదుంది. పొట్ట మీదున్న చేనుకి నీళ్ళు తప్పితే గింజ పాలు పోసుకోదు, తాలే మిగులుతుంది. ఈ సంగతి సెంటు భూమి లేనివాళ్ళకి కూడా తెలుసు. పన్నెండు రోజులకోసారి వచ్చే నీటివంతు ఆ రోజు వచ్చింది. అందరి తూములూ లేచాయి. మంగాయమ్మ తూము లేవలేదు.

"లిస్టులో నీ పేరు లేదు మంగాయమ్మా," అన్నాడు కాలువ మీది లస్కరు. "పేరు లేకుండా తలుపు ఎత్తితే నా ఉద్యోగం పోద్ది."

ఆ లిస్టు తీసేది నేదునూరి వారి ఇంట్లో.

నేదునూరి వారు తెలివైనవాళ్ళు. ఈ మాట నాది కాదు, వాళ్ళదే. వీధి గోడ మీద పెద్దక్షరాలతో రాయించుకున్నారు కూడా: "ఇక్కడ ఆలోచించబడును." పెద్దవాడు ప్రకాశం, నడిమివాడు కామేశం, చిన్నవాడు గవర్రాజు, ప్రకాశం భార్య రత్నమాణిక్యం. నలుగురూ ఎప్పుడూ ఒక్క మాట మీదే ఉంటారు. ఆ మాట ఏంటో నలుగురికీ తెలియకపోయినా సరే, దాని మీద నుంచి మాత్రం దిగరు.

వాళ్ళ మేనమామ "నీటివంతు" అని ఒక ప్రోగ్రాం రాశాడు. కాలువ కింద ఎవరికి ఎంత పొలం ఉందో, ఎవరి తూము ఎక్కడుందో చెబితే, ఎవరికి ఏ గంటకి నీళ్ళు వదలాలో అది లిస్టు తీసిస్తుంది. పదకొండు ఊళ్ళు దాన్ని వాడుకుంటున్నాయి. మేనమామ బుద్ధిమంతుడే. ఒక్క అప్పగించడం దగ్గరే కాలు జారాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ దాన్ని మేనల్లుళ్ళ చేతిలో పెట్టి, "ఇది మన ఒక్కళ్ళదీ కాదర్రా, అందరిదీ. ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. ఎవరికీ అడ్డు చెప్పకండి," అన్నాడు.

అంతే. ఆ సాయంత్రమే సావిడి తలుపులు ఊడబీకి అటక మీద పెట్టారు. కంప్యూటర్ని గుమ్మానికి ఎదురుగా లాగారు. దారిన పోయేవాళ్ళందరూ వచ్చి చూసిపోయారు. పోస్టుమాను కూడా చూశాడు. "ఇంత రాత రాశారు గదండీ, ఎక్కడా ఒక్క చుక్క లేదేంటి, బోసిగా ఉంది," అని మధ్యలో ఓ చుక్క పెట్టి వెళ్ళాడు. ఆ చుక్క దెబ్బకి పదకొండు ఊళ్ళలో రెండు రోజులు లిస్టు రాలేదు. మూడో రోజు ఎవడో వచ్చి ప్రోగ్రాం వైపు కన్నెత్తి కూడా చూడకుండా పైన తిరిగే ఫ్యాను విప్పుకుపోయాడు. కామేశం అడ్డు చెప్పలేదు. పైగా స్టూలు పట్టుకున్నాడు.

ఇదీ వాళ్ళ తెలివి. ఇప్పుడు మంగాయమ్మ సంగతికి వద్దాం.

గురువారం పొద్దున్నే ఆవిడ నేదునూరి వారి గుమ్మంలోకొచ్చింది.

"ఒరేయ్ ప్రకాశం! నా పేరు ఏ గంగలో కలిపావురా?"

"మేం కలపలేదు పిన్నీ. లిస్టు దానంతటదే వస్తుంది. నలభై పేర్లు వచ్చాయి, నలభైకి నలభై లెక్క పెట్టాం కూడాను."

"నేను నలభై ఒకటోదాన్నిరా!"

ప్రకాశం తమ్ముళ్ళ వంక చూశాడు. "అదీ సంగతి. నలభైలో నలభై ఒకటి ఎలా పడుతుంది పిన్నీ? నువ్వే చెప్పు."

మేనమామ రాసిన రోజుల్లో ఆ కాలువ మీద ముప్పై ఎనిమిది మందే రైతులు. నలభై చాల్లే అనుకున్నాడు. కిందటేడు అన్నదమ్ములు వాటాలు పంచుకుని ముగ్గురు పెరిగారు. శివారులో ఉన్నది కాబట్టి అందరికంటే కింద పడింది మంగాయమ్మ పేరు. పడి, జారిపోయింది.

పట్నంలో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే శేషారత్నం మేడమ్ పుట్టింటి ఊరు కూడా ఈ కాలువ మీదే. మంగాయమ్మ ఆవిడకి ఫోన్ కొట్టించింది. ఆవిడ ప్రోగ్రాం తెరిచి చూసి, నలభై అన్న హద్దు ఉన్న వరసని మార్చి, దిద్దుబాటు పంపేసింది. పది నిమిషాల పని. ఒకే ఒక్క వరస.

"ఈ దిద్దుబాటు కలిపి కొత్త ప్రోగ్రాం విడుదల చేసేయండి ప్రకాశం గారూ," అంది. "తర్వాత వంతు ఇరవై మూడున. లిస్టు ఇరవై రెండుకల్లా లస్కరు చేతిలో ఉండాలి. ఇంకోసారి నీళ్ళు తప్పితే ఆవిడ చేను దక్కదు."

"ఆయ్! మీరు చెప్పడం, మేం చేయకపోవడమూనా!" అన్నాడు ప్రకాశం. ఆ మాట మాత్రం నిజం. వాళ్ళు చెప్పింది చేయకుండా ఎప్పుడూ లేరు. ఖర్మంతా అక్కడే ఉంది.

"ఒక్కటి గుర్తుంచుకోండి. మొన్న పోస్టుమాను చుక్క పెట్టినట్టు కాకూడదు. మెయిన్ జోలికి ఎవరూ వెళ్ళకండి. పాయ తీసుకుని అందులో పెట్టండి."

పాయ అంటే ఏంటో ఇక్కడ చెప్పాలి. నేదునూరి వారికి చెప్పినట్టు కాదు, మనుషులకి చెప్పినట్టు. బాగా నడుస్తున్న అసలు ప్రతి ఒకటి ఉంటుంది, దాన్ని మెయిన్ అంటారు. దాన్ని కెలక్కుండా ఒక నకలు తీసుకుని, మార్పులన్నీ ఆ నకల్లో చేసుకుని, ఏ తేడా లేదని చూసుకున్నాక అసలులో కలుపుతారు. గోదారి పాయ చీలి మళ్ళీ గోదారిలో కలిసినట్టన్నమాట. అందుకే ఆ నకలుకి పాయ అని పేరు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మేడమ్ ఆ మాట అనేసరికి ప్రకాశం మెయిన్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచేతి చూపుడువేలు ఒక మీటని నొక్కి ఉంది.

"కదలకు అన్నయ్యా!" అని అరిచాడు గవర్రాజు. "వేలు ఎత్తితే మీట కదులుద్ది. కదిలితే మెయిన్ జోలికి వెళ్ళినట్టే!"

"మరి వేలు ఉంచితే?"

"ఉంచడం అంటే ఏమీ చేయకపోవడమే గదా."

ఇంకేముంది, ప్రకాశం వేలు తీయలేదు. రత్నమాణిక్యం మధ్యాహ్నం ముద్దలు కలిపి పెట్టింది. దోమ వాలితే కామేశం విసిరాడు. ముక్కు దురద పెడితే గవర్రాజు గోకాడు. మూడు గంటల సేపు వేలు ఆ మీట మీదే ఉంది. ఆ మీట "జ". మెయిన్‌లో మొదటి వరస దగ్గర మొదలైన "జ" ముప్పై ఆరు వేలయ్యింది.

"చూశారా," అన్నాడు ప్రకాశం చెమట తుడిపించుకుంటూ, "ఒక్క అక్షరం ముట్టుకోలేదు."

శేషారత్నం సాయంత్రం అది చూసింది. నకళ్ళు పెట్టుకోవడంలో సుఖం ఏంటంటే నిన్నటిది నిన్నటిలా మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆవిడ తెచ్చిపెట్టింది. తర్వాత కొంచెం గట్టిగానే అంది:

"బాబూ, మీకు అన్నీ కలిపేసుకునే అలవాటు ఉన్నట్టుంది. ఒక పనికి ఒక పాయ. పాయ తీయకుండా ఏ పనీ మొదలుపెట్టకండి. తెలిసిందా?"

తెలిసింది. శుక్రవారం తెల్లారేసరికి గవర్రాజు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. దిద్దుబాటు కోసం మొదటి పాయ తీశాడు, దానికి "ఒకటో పని" అని పేరు పెట్టాడు. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. తర్వాత వాకిలి ఊడవడానికి రెండో పాయ తీశాడు. పళ్ళు తోముకోవడానికి ముగ్గురికీ మూడు. వంటింట్లోంచి రత్నమాణిక్యం కేక పెట్టింది.

"గవర్రాజూ! పాలు పొంగుతున్నాయి!"

"ఆగు వదినా! పాలు దించడానికి పాయ తీస్తున్నా!"

"త్వరగా తియ్యి నాయనా, అంచు దాకా వచ్చాయి!"

"పేరేం పెట్టను? పాలు దించుట అనా, పాలగిన్నె దించుట అనా?"

"దించేది గిన్నెనే గదా!"

"గిన్నె దించితే పాలు కూడా దిగుతాయి గదా వదినా. రెండు పనులైపోతాయి. రెండు పాయలు కావాలి."

రెండు పాయలూ తీశారు. అప్పటికి దించడానికి గిన్నె తప్ప పాలు లేవు. అందుకని పాలు దించే పాయ వాడకుండా మిగిలింది, కొత్తది పాడు చేయడమెందుకని దాచారు. మధ్యాహ్నం కామేశానికి తుమ్ము వచ్చింది. పాయ వచ్చేలోపు తుమ్మకూడదని ముక్కు పట్టుకుని కూర్చున్నాడు, కళ్ళు ఎర్రబడ్డాయి. శనివారం సాయంత్రానికి పాయలు రెండువందల పదహారు. అటు మంగాయమ్మ చేలో నేల నెర్రె విచ్చుకోవడం మొదలైంది.

ఆదివారం మేడమ్ ఫోన్ చేసింది. "ఇన్ని పాయలేంటండీ బాబూ! నా దిద్దుబాటు ఎక్కడుందో నాకే దొరకట్లేదు. పాతబడిన పాయలన్నీ తీసేయండి, పనికొచ్చేది కనబడుతుంది."

"అన్నిటికంటే పాతది ఏదిరా?" అన్నాడు ప్రకాశం.

"ఒకటో పని," అన్నాడు గవర్రాజు.

"అయితే ముందు దాన్ని తీసెయ్."

అంతే. మంగాయమ్మ దిద్దుబాటు పోయింది. అట్నుంచి వరసగా తీసుకుంటూ వచ్చి, చిట్టచివరిది కొత్తది కాబట్టి దాన్ని భద్రంగా ఉంచారు. అది కామేశం గోళ్ళు తీసుకోవడానికి తీసిన పాయ.

శేషారత్నం దిద్దుబాటు మళ్ళీ పంపింది. ఓర్పు ఆ మనిషికి ఎక్కడిదో నాకు తెలియదు. బహుశా పాలిటెక్నిక్‌లో పిల్లలు నేర్పి ఉంటారు. ఈసారి కాగితం మీద రాసుకోమని చెప్పి మరీ చెప్పింది: "ఇద్దరు చూసి సరే అంటేనే కలపాలి. ఎవరి పని వాళ్ళే చూసుకుని సరే అనుకోకూడదు. నేను రాశాను కాబట్టి నా సరే చెల్లదు. దానితో సంబంధం ఉన్నవాళ్ళని చూడమనండి."

సోమవారం పొద్దున ముగ్గురన్నదమ్ములూ సావిట్లో కూర్చుని ఆలోచించారు. గోడ మీద రాసుకున్న పనే గదా.

"మనం ముగ్గురం దాన్ని ముట్టుకున్నాం. మన సరే చెల్లదు," అన్నాడు కామేశం.

"నేను ముట్టుకోలేదు," అంది రత్నమాణిక్యం. చూసింది. "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. సరే."

"ఒకటయ్యింది. రెండోది? దీంతో బాగా సంబంధం ఉన్నవాళ్ళు ఎవరు?"

ముగ్గురూ ఒకేసారి అన్నారు, "మంగాయమ్మ పిన్ని!"

ఇంకేముంది, గవర్రాజు సైకిలేసుకుని శివారు దాకా వెళ్ళి, ఎండలో గట్టు మీద నిలబడి చేను చూసుకుంటున్న ఆవిడని ఎక్కించుకుని వచ్చాడు. కంప్యూటర్ ముందు కుర్చీ వేశారు. మంచినీళ్ళిచ్చారు.

"పిన్నీ, ఇది చూసి సరే అను," అన్నాడు ప్రకాశం.

"ఏంటిది?"

"నీ దిద్దుబాటే."

"ఇందులో నా పేరేది?"

"పేరు ఇందులో ఉండదు పిన్నీ. ఇది కలిపితే లిస్టులో వస్తుంది."

"మరి కలిపి చావండి!"

"నువ్వు సరే అంటేనే కలుపుతాం."

మంగాయమ్మ లేచి నిలబడింది. "మూల మడి ఆకు చుట్టుకుపోయింది. దోసెడు నీళ్ళు లేవు. అయిదు రోజుల్నించి మీ ఇంటి చుట్టూ తిరుగుతున్నాను. ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి సరే అనమంటారా? నా చేను ఎండబెట్టి నా నోటితోనే సరే అనిపిస్తారా? అనను! చచ్చినా అనను! మీ ఇల్లు పాడుగాను!"

ప్రకాశం కలం తీసుకున్నాడు. "చచ్చినా అనను. రాసుకున్నావా కామేశం?"

"రాశాను. ఇల్లు పాడుగాను కూడా రాయాలా?"

"మొత్తం రాయి. కారణం అడుగుతారు."

ఆ విధంగా మంగాయమ్మ చేనుకి నీళ్ళిచ్చే దిద్దుబాటుని తిరస్కరించినవాళ్ళ జాబితాలో మంగాయమ్మ పేరెక్కింది. ఏ లిస్టులోనూ లేని పేరు ఆ ఒక్క లిస్టులో ఉంది. వెళ్ళేటప్పుడు రత్నమాణిక్యం బొట్టు పెట్టి పంపింది.

శేషారత్నం అది చదివి ఏమందో నేను ఇక్కడ రాయను, ఇంటిల్లిపాదీ చదివే కథ ఇది. చివరికి ఆవిడ పాలిటెక్నిక్‌లో ఇంకో మాస్టారి చేత రెండో సరే అనిపించి పంపింది.

"ఇంక కలపండి. కలిపే పద్ధతి ఏదో ఒకటి మీరే పెట్టుకోండి. లోకంలో మూడు పద్ధతులున్నాయి," అని మూడూ చెప్పింది.

మొదటిది: మెయిన్ ఒక్కటే ఉంటుంది. విడుదల చేసే రోజు దాన్నుంచి ఒక పాయ తీసి, నంబరు వేసి, ఊళ్ళకి పంపాలి. ఇది ప్రకాశానికి నచ్చింది. రెండోది: మెయిన్‌ని దేవుడి గదిలా ఉంచాలి. పక్కన "తయారీ" అని ఒక పాయ ఉంటుంది. ఏ మార్పైనా ముందు అందులో పడి, పండాకే మెయిన్‌లోకి రావాలి. ఇది కామేశానికి నచ్చింది. మూడోది: పాయలే వద్దు. అందరూ మెయిన్‌లోనే కొంచెం కొంచెం రాస్తూ ఏ రోజుకారోజు విడుదల చేసుకోవాలి. ఇది గవర్రాజుకి నచ్చింది.

మూడూ మంచి పద్ధతులే. ఏ ఒక్కటి పట్టుకున్నా మంగాయమ్మకి ఆ సాయంత్రమే పని జరిగేది.

"మూడింట్లో మనకి ఏది నప్పుతుందండీ?" అన్నాడు ప్రకాశం ఫోన్‌లో.

"వాడి చూస్తేనే తెలుస్తుంది," అంది ఆవిడ. పాపం, ఇంకో ఫోన్ వస్తోంది ఆవిడకి.

వాడి చూడాలి. కానీ ఎవరిది ముందు? నీళ్ళకి వంతులు వేసే ఇల్లు గదా, పద్ధతులకీ వంతులు వేసేశారు. సోమ గురువారాలు ప్రకాశం పద్ధతి. మంగళ శుక్రవారాలు కామేశం పద్ధతి. బుధ శనివారాలు గవర్రాజు పద్ధతి.

"ఆదివారం నాకు," అంది రత్నమాణిక్యం. "ఇంట్లో నేను మనిషిని కాదా?"

"నీది ఏ పద్ధతే?"

"ఆదివారం వచ్చినప్పుడు చెబుతా."

న్యాయమే అనిపించింది. గోడ క్యాలెండర్ దించి, ఫిబ్రవరి కాగితం మీద ప్రతి తేదీ కింద ఎవరి పేరు వాళ్ళు రాశారు. అయిపోయిన తేదీల కింద కూడా రాశారు, హక్కు వదులుకోవడం ఎందుకని.

మంగళవారం కామేశం దిద్దుబాటుని తయారీలో పెట్టి, పండుతుందేమోనని పొద్దుగూకేదాకా చూశాడు. బుధవారం గవర్రాజు వచ్చి, తన పద్ధతిలో పాయలు ఉండకూడదు కాబట్టి తయారీని తీసేశాడు. దాంతో దిద్దుబాటూ పోయింది. మేడమ్ మూడోసారి పంపింది. గురువారం ప్రకాశం దాన్ని తిన్నగా మెయిన్‌లో కలిపాడు. విడుదల పాయ తీశాడు. నంబరు వేశాడు. ఊళ్ళకి పంపడానికి ఒక్క మీట నొక్కాలి.

"అన్నయ్యా, ఆరయ్యింది," అన్నాడు కామేశం. "నీ వంతు అయిపోయింది."

"ఒక్క మీటేరా."

"లస్కరు ఆరు దాటాక ఒక్క చెంబెడు వదులుతాడా?"

ప్రకాశం న్యాయానికి కట్టుబడే మనిషి. వేలు ఎత్తేశాడు. ఆ రోజు ఎత్తకుండా ఉండవలసిన వేలు అది, ఎత్తేశాడు.

శుక్రవారం కామేశం చూశాడు. మెయిన్‌లో పండని దిద్దుబాటు ఉంది. దేవుడి గదిలోకి కాళ్ళు కడుక్కోకుండా వచ్చిన లెక్క. బయటికి తీసి తయారీలో వేశాడు. శనివారం గవర్రాజు తయారీని తీసేశాడు. మేడమ్ నాలుగోసారి పంపింది, ఒక్క ముక్క కూడా రాయకుండా.

"మూడు పద్ధతులూ దివ్యంగా పనిచేస్తున్నాయి," అన్నాడు ప్రకాశం. "దేన్నీ వదల్లేం."

ఆదివారం వచ్చింది. ఇరవై రెండో తారీఖు. సాయంత్రానికి లస్కరుకి లిస్టు అందాలి. రత్నమాణిక్యం తలంటుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"మీ ముగ్గురూ వారం రోజులు కొట్టుకున్నారు. ఆడదాన్ని అడిగితే మొదటిరోజే చెప్పేదాన్ని. మూడు పద్ధతులు ఉంటే మూడూ అల్లాలి. ఒక పాయ మీద ఇంకో పాయ, దాని మీద ఇంకో పాయ. జడ వేసినట్టు."

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ఇంత తెలివి తమ వంటింట్లో ఉందని వాళ్ళకి తెలియదు.

మెయిన్‌లోంచి మూడు పాయలు తీశారు, అన్నదమ్ములకి తలా ఒకటి. రత్నమాణిక్యం పెద్దవాడి పాయలోంచి ఒక వరస, నడిమివాడి పాయలోంచి ఒక వరస, చిన్నవాడి పాయలోంచి ఒక వరస తీసి, ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోయింది. ప్రతి వరసా మూడుసార్లు పడింది. నాలుగోసారి వచ్చిన దిద్దుబాటు వేరే పాయలో ఉంది. "మూడు పాయలైతేనే జడ, నాలుగోది పీకెయ్," అని పీకించేసింది. మధ్యాహ్నానికి అల్లిక అయ్యింది. కింద రిబ్బను కట్టినట్టు ఒక గీత కూడా గీసింది.

లిస్టు తీశారు. నలభై మంది రైతులు, ఒక్కొక్కళ్ళకీ మూడేసి వంతులు. మొత్తం నూట ఇరవై. నలభై ఒకటో పేరు లేదు.

లిస్టు కోసం వచ్చిన లస్కరు ఆ కాగితం కింది దాకా చదివాడు. "ఇన్ని నీళ్ళు కాలవలో లేవండి," అన్నాడు. "గోదార్లో కూడా ఉన్నాయో లేవో."

"ఉన్న నీళ్ళతో సర్దుకోవయ్యా," అన్నాడు గవర్రాజు.

అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. ముందు మంగాయమ్మ దిగింది, వెనక శేషారత్నం. మంగాయమ్మ పొద్దున బస్సెక్కి పట్నం వెళ్ళి ఆవిడని ఇంట్లోంచి పట్టుకొచ్చింది. చెప్పుల్లేని కాళ్ళకి చేలో బురద ఉండాల్సింది, దుమ్ము ఉంది.

"ప్రకాశం గారూ," అంది శేషారత్నం, కూర్చోకుండానే. "ఈ ప్రోగ్రాం అందరిదీ కదా?"

"అవునండి. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చొచ్చు. మా మావయ్య మాట."

"ఎవరికీ అడ్డు చెప్పరు కదా?"

"తలుపులే లేవండి."

ఆవిడ సంచిలోంచి తన ల్యాప్‌టాప్ తీసింది. మేనమామ రాసిన పాత ప్రతిని తను విడిగా దాచుకుంది. అందులో ఆ ఒక్క వరస దిద్దింది. లిస్టు తీసింది. నలభై ఒక్క పేర్లు. ఆఖర్న: దంగేటి మంగాయమ్మ, ముప్పావు ఎకరం, సోమవారం మధ్యాహ్నం మూడు గంటల నుంచి. తన ప్రతిని పదకొండు ఊళ్ళకీ అక్కణ్ణుంచే పంపేసింది కూడా. మొత్తం కలిపి కాఫీ చల్లారేంత సేపు పట్టింది. రత్నమాణిక్యం కాఫీ ఇచ్చింది కానీ ఆవిడ తాగలేదు.

మంగాయమ్మ చదువుకోలేదు. కాగితం తిప్పి చూసి, ఆఖరి వరస మీద వేలు పెట్టి, "ఇదేనా నేను?" అంది.

"మీరేనండి."

"కొంచెం వంకరగా ఉన్నాను," అంది. కాగితం లస్కరు చేతిలో పెట్టి, వాడు జేబులో పెట్టుకునేదాకా కదల్లేదు.

సోమవారం మూడు గంటలకి తూము లేచింది. గట్టు మీద కూర్చుని మంగాయమ్మ ప్రతి మడీ నిండేదాకా చూసింది. మూలన పది సెంట్లు మాత్రం అప్పటికే పోయింది. మిగతా చేను బతికింది. ఆ పది సెంట్లకి జవాబు చెప్పినవాళ్ళు ఇవాళ్టి వరకూ ఎవరూ లేరు.

ఈ కబురు నేదునూరి వారికి సాయంత్రం తెలిసింది.

"నలభై ఒకటో పేరుకి నీళ్ళొచ్చాయట," అన్నాడు కామేశం.

"మనం ఇంకా విడుదల చేయలేదు గదా!" అన్నాడు గవర్రాజు.

ప్రకాశం చెయ్యెత్తి ఇద్దర్నీ ఊరుకోమన్నాడు. కళ్ళు చెమర్చాయి. "విడుదల చేయకుండానే ఇంత బాగా పనిచేసిందంటే, చేస్తే ఇంకెంత పనిచేస్తుందో ఆలోచించండిరా!"

నలుగురూ ఆలోచించారు. వెంటనే విడుదల చేయాలనుకున్నారు. వెళ్ళేముందు శేషారత్నం గుమ్మంలో నిలబడి ఒక మాట అనే వెళ్ళింది: "కనీసం ఇప్పుడైనా, ఎవరి వంతుకీ అడ్డం రాని రోజు ఒకటి చూసుకుని, ఆ తేదీ అందరికీ చెప్పి విడుదల చేయండి."

క్యాలెండర్ మళ్ళీ దించారు. ఒకటో తారీఖు నుంచి చూసుకుంటూ వచ్చారు. ప్రతి తేదీ కిందా ఎవరో ఒకరి పేరుంది. ఇరవై ఎనిమిది శనివారం, గవర్రాజుది. దాని కింద వరసలో అన్నీ ఖాళీ గళ్ళు. తేదీ లేదు, పేరు లేదు.

"ఇవి ఎవరి వంతూ కావు!" అన్నాడు కామేశం.

"మొదటి గడి ఇరవై తొమ్మిది అవుతుంది," అన్నాడు ప్రకాశం. "అది వద్దు. నాలుగేళ్ళకోసారి దానికి ఎవరో ఒకరు వస్తారు. రేపు గొడవ. రెండో గడి ముప్ఫై. దానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు."

రత్నమాణిక్యం పంచాంగం పట్టుకొచ్చింది. "ముప్ఫైన రాహుకాలం ఎప్పుడో చూడండి. అన్నీ చూసి, ఇది చూడకపోతే ఎలా?"

ప్రకాశం పంచాంగం ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పాడు. ముప్ఫైకి వారం లేదు. వారం లేదు కాబట్టి రాహుకాలం లేదు, వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదు.

"ఇంత శుద్ధమైన రోజు," అన్నాడు, "నా జన్మలో చూడలేదు."

ఇంకేముంది. అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి, తలుపులు లేని గుమ్మానికి వేలాడదీశారు. ఆ రాతే పదకొండు ఊళ్ళకీ పంపారు:

"నీటివంతు, కొత్త విడుదల. నలభై ఒకటో పేరు ఇందులో వచ్చును. విడుదల తేదీ: 30 ఫిబ్రవరి 2026."